గదికో పెద్దమనిషి

అనకాపల్లి
ఏప్రిల్ 2, 2025

మామయ్యా,

కవరు మీద నా చేతిరాత గుర్తుపట్టి కూడా చింపకుండా తెరిచారంటే సగం పని అయినట్టే. మీ అడ్రసు ఎక్కడ దొరికిందంటారా? తొమ్మిదేళ్ళ క్రితం నా పెళ్ళి ఆల్బమ్ పంపితే మీరు విప్పకుండా తిప్పి పంపారు కదా, ఆ పార్శిల్ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. అప్పటికే మీరు ఫ్యాక్టరీ క్వార్టర్స్ వదిలి పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇల్లు మేమెవరం చూడనే లేదు.

మీరు ఫోను ఎత్తరని, ఎత్తినా "ఎవరు?" అని అడిగి జవాబు వినకుండా పెట్టేస్తారని చుట్టాల్లో చెప్పుకుంటారు. నేను ఇంట్లో మాట్లాడితే అమ్మకి వినపడుతుంది. మీ పేరెత్తితే ఆవిడ ఇప్పటికీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అందుకే ఈ ఉత్తరం. జవాబు మా ల్యాబు చిరునామాకి రాయండి.

విషయం ఇది. పరవాడలో నేను పనిచేసే మందుల కంపెనీ నన్ను కాజీపల్లి యూనిట్‌కి మార్చింది. జూన్‌లో చేరాలి, లేదంటే ఉద్యోగం వదులుకోవాలి. నేనూ, ఏడేళ్ళ నిషితా, అమ్మా వస్తాం. ఆయన తర్వాత వస్తారు. ఇళ్ళు చూడటానికి సెలవు ఇవ్వరు కాబట్టి వెతుకులాటంతా ఫోనులోనే. ఇప్పుడు వర్చువల్ టూర్లు వచ్చాయి. వేలితో జరుపుకుంటూ గది గదికీ తిరగొచ్చు, పైకప్పు చూడొచ్చు, వెనక్కి తిరిగి తలుపు చూడొచ్చు. వెలిమెలలో ఒక ఫ్లాటు చూశాను. కిటికీలోంచి కొండలు, సరస్సు, హంసలు. కట్టడం ఇంకా మొదలవలేదట. జిన్నారంలో ఒక ఇంట్లో హాల్లోంచి పడగ్గదిలోకి పోతే నేరుగా గోడలోంచి తీసుకుపోయింది.

నచ్చింది ఒక్కటే. పటాన్‌చెరులో, మేడ మీద వాటా. గాలీ వెలుతురూ బాగున్నాయి. కాని ప్రతి గదిలోనూ ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. హాల్లో ఉన్నాడు, పడగ్గదిలో ఉన్నాడు, వంటింట్లో సింకు పక్కన ఉన్నాడు. మొహాలు కనపడకుండా ఆ సైటువాళ్ళే మసక చేస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో కాపలా మాస్టారిలా. బాత్రూంలో మాత్రం లేడు, తలుపు బయట వీపు తిప్పి నిలబడ్డాడు. కింద షరతు: "భార్యాభర్తలున్న కుటుంబానికే ఇవ్వబడును. బ్రహ్మచారులు, ఒంటరి స్త్రీలు సంప్రదించవద్దు."

ఇంటి నంబరు వాళ్ళు చెప్పరు, బ్రోకరు పేరు పవన్‌కుమార్ అని మాత్రం ఉంది. మీరు ఒకసారి వెళ్ళి చూసి, నీళ్ళెలా ఉన్నాయో, వాసనలెలా ఉన్నాయో, ముఖ్యంగా ఆ మనిషి ఎలాంటివాడో రాయగలరా?

మీ మేనకోడలు
సత్యశ్రీ


పటాన్‌చెరు
ఏప్రిల్ 9

సౌభాగ్యవతి సత్యశ్రీకి,

నీ ఉత్తరం అందింది. చింపలేదు, కాగితం మంచిది.

నువ్వు చెప్పిన ఇల్లు చూశాను. పెద్ద దూరం పోవలసిన పని పడలేదు. నీళ్ళు బోరువి, పప్పు ఉడకడానికి బతిమాలాలి. గాలి కాజీపల్లి వైపు నుంచి తిరిగిన సాయంత్రం కుళ్ళిన క్యాబేజీ మీద స్పిరిట్ పోసినట్టుంటుంది. నీ ఫోనుకి కన్ను పెట్టారు గాని ముక్కు పెట్టలేదు. అయినా మందుల కంపెనీ మనిషివి, నీకది జీతం వాసన.

ఇక ఓనరు. చాలా మర్యాదస్తుడు, చదువుకున్నవాడు, లోకం సరిగ్గా అర్థం చేసుకోలేదు. గది గదిలో ఎందుకున్నాడో అతన్నే అడిగి తెలుసుకున్నాను. పవన్‌కుమార్ అనే కుర్రాడు కర్ర చివర బంతిలాంటి కెమెరా బిగించుకుని వచ్చాడట. "సార్, జెర పక్కకు జరుగుండ్రి, ఫొటోల వస్తరు," అన్నాడట. ఫొటో తీసేటప్పుడు కెమెరా వెనక నిలబడాలన్న పాటి ఇంగితం ఓనరుకు ఉంది. ప్రతి గదిలోనూ బంతికి కచ్చితంగా వెనక నిలబడ్డాడు. ఆ బంతికి వెనకనేదే లేదని, నాలుగు దిక్కులూ ఒకేసారి మింగుతుందని ఎవరు చెప్పారు? ఇందులో అతని తప్పేమీ లేదు. ముందూ వెనకా లేని వస్తువులు చేసినవాళ్ళది.

రోమ్ నగరంలో ఒక పెద్ద వక్తకి అద్దె ఇళ్ళుండేవి. రెండు కూలిపోయి మిగతావి బీటలిస్తే, అద్దెకున్నవాళ్ళే కాదు, ఎలుకలు కూడా ఖాళీ చేశాయని స్నేహితుడికి ఉత్తరం రాసి నవ్వుకున్నాడు. ఓనర్లలో అలాంటివాళ్ళుంటారు. మన ఓనరు వాళ్ళ కంటే నయం, మేడ కూలదు.

మీ ఆయన తర్వాత వస్తాడన్నావు. ఎందుకు తర్వాత? నేనున్న ఊరికి రావడానికి మొహం చెల్లడం లేదా? "ఒక్క వాక్యం పూర్తి చేయలేనివాడు కాపురం ఏం పూర్తి చేస్తాడు" అని నేను పెళ్ళి భోజనాల్లో అన్నాను, నిజమే. అన్నందుకు మీ అమ్మ నన్ను పంక్తిలోంచి లేపేసింది. పూర్ణం బూరె సగం చేతిలో, సగం నోట్లో ఉంది. కుక్కనైనా విస్తరి ముందునుంచి అలా తోలరు. నేను మరిచిపోయానని అనుకోవద్దు. అతనూ మరిచి ఉండడు. అయినా రమ్మను. ఆ షరతు ఓనరు సరదాకి పెట్టలేదు, భర్త లేనిదే తాళాలు ఇవ్వడు.

దీవెనలతో
చలపతిరావు


అనకాపల్లి
ఏప్రిల్ 17

మామయ్యా,

మీరింత శ్రమ తీసుకుంటారనుకోలేదు. మీ ఉత్తరం ల్యాబులో దాచుకుని మూడుసార్లు చదివాను. మీకూ ఆ ఓనరుకీ స్నేహం కలిసినట్టుంది. జాగ్రత్త, అలాంటి మనుషులు మొదట బాగానే మాట్లాడతారు.

మధ్యలో ఇంకో నాలుగు ఇళ్ళవాళ్ళతో ఫోనులో మాట్లాడాను. చుట్టాలు ఎంతమంది వస్తారు, చేపలు వండుతారా, మేకులు కొడతారా అని అడుగుతారు. తర్వాత "సార్‌కి ఫోనివ్వండమ్మా" అంటారు. సార్ లేరంటే ఇల్లు అప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశామంటారు. ఆ ఇల్లు మర్నాడు కూడా సైటులో ఖాళీగానే కనపడుతుంది.

అందుకని మీరొక సాయం చెయ్యాలి. ఆయన ఓడ ఉద్యోగంలో చేరారని, ఆర్నెల్లకోసారి వస్తారని ఓనరుకు చెప్పండి. మిగతా సర్దుబాటు నేను చూసుకుంటాను. పెద్దవారితో అబద్ధం చెప్పిస్తున్నందుకు సిగ్గుగానే ఉంది, కాని మే నెల దాటితే నాకు దారి లేదు. జూన్‌లో బడి తెరుస్తారు, నిషితని ఎక్కడ చేర్చాలో కూడా తెలీదు.

ఒక మాట రాయాలా వద్దా అనుకున్నాను. ఆ టూర్ మళ్ళీ మళ్ళీ తిరిగాను. మొదట ఆ ముసలాయన్ని చూస్తే నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. రెండో పడగ్గదిలో మాత్రం కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. ఎవరో వస్తానని రాకపోతే చూసే చూపు. ఆ ఇంటికి ఏళ్ళ తరబడి ఒక్క మనిషైనా వచ్చి ఉండడనిపించింది. ఈయనతో వేగడం కష్టమే గాని, పాపం అనిపించింది.

సత్యశ్రీ


పటాన్‌చెరు
ఏప్రిల్ 24

సౌభాగ్యవతి సత్యశ్రీకి,

నీ జాలి ఓనరుకు అందజేశాను. అక్కర్లేదన్నాడు. కిటికీలోంచి చూసింది పక్కింటివాళ్ళ మేక తన జామ కొమ్మ తింటున్నదా లేదా అని. తింటున్నదట. ఒక ఫొటో చూసి మనిషి లోపల ఏముందో చెప్పే విద్య నీకు ఎప్పుడు అబ్బింది? మందు బిళ్ళలో ఏముందో చెప్పడానికి మీ ల్యాబులో అన్ని యంత్రాలు పెట్టుకున్నారు కదా.

ఓడ సంగతి. మీ ఆయన నిశ్చితార్థానికి వస్తూ తుని దగ్గర బస్సులో వాంతి చేసుకున్నాడు. అతన్ని ఏ ఓడ ఎక్కించుకుంది? ఏ రేవు? ఓనరు ఇవన్నీ అడుగుతాడు, అతను పేపరు చదివే మనిషి, హూగ్లీ రేవంటే అది ఎక్కడుందో తెలిసినవాడు.

అయినా నీకోసం బతిమాలాను. చివరికి మెత్తబడి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. మీ ఆయన ఒక్కసారి స్వయంగా రావాలి, ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని మేడ మెట్లెక్కి, ఓనరు ఎదుట నిలబడి, "ఇల్లు ఇప్పించండి" అని నోరు తెరిచి అడగాలి. పూర్తి వాక్యం. అంతకన్నా ఏమీ కోరడం లేదు. ఇంత చిన్న కోరిక తీర్చలేనివాడికి పెళ్ళామెందుకు, మేడెందుకు?

ఓనరు మనసు మారకముందే తేల్చు.

చలపతిరావు


అనకాపల్లి
మే 2

మామయ్యగారికి,

నేను బొత్తిగా తెలివితక్కువదాన్ని. మీ ఉత్తరాలు నమ్మాను.

మొన్న ఆదివారం అమ్మ, "అన్నిసార్లు చూస్తున్నావు, ఆ వంటిల్లు నన్నూ చూడనీ," అంది. ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని పొయ్యిగట్టు చూసింది, అలమారలు చూసింది, వేలు జరిపింది. సింకు పక్కన ఆ ముసలాయన వచ్చాడు. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "వీడు మా చలపతి," అంది.

మొహం లేదు కదమ్మా అన్నాను.

"మొహం చెరిపేస్తే మాత్రం? అలిగినప్పుడు వాడు చిన్నప్పటినుంచీ అలాగే నిలబడతాడు. ఎవరో ఒకరొచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయేదాకా అక్కణ్ణుంచి కదలడు."

తర్వాత మీ మేడ మీది గదులన్నీ ఆవిడే తిరిగింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ప్రతి గదిలోనూ మీ దగ్గర ఆగింది. ఆఖరికి, "చిక్కిపోయాడు," అని ఫోను నాకిచ్చేసి వెళ్ళి స్టవ్వు తుడుచుకుంది.

ఇప్పుడు నా సంగతి వినండి. ఓడ లేదు, రేవు లేదు. విడాకులై రెండేళ్ళయింది. మీరు చెప్పినట్టే జరిగింది. ఆయన ఏదీ పూర్తి చేయలేదు, చివరికి విడాకుల కాగితాలు కూడా నేనే తిరిగి పూర్తి చేయించుకున్నాను. మీకు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. ఈ వార్త వినగానే మీరు ఇంకో పూర్ణం బూరె తింటారని. తినండి.

మీరు మాత్రం ఏ వరసన షరతులు పెట్టారు? జీవితమంతా పెళ్ళి చేసుకోకుండా గడిపిన మనిషి "బ్రహ్మచారులు సంప్రదించవద్దు" అని రాయించాడు. మీ ఇల్లు మీకే అద్దెకి రాదు, ఆ సంగతి ఎప్పుడైనా తట్టిందా? నన్ను ఫోనులోనే సాగనంపిన ఓనర్లు నయం. వాళ్ళెవరూ మామయ్యలు కాదు.

ఇప్పుడు, "నువ్వు మన పిల్లవి, నీకు షరతు లేదు" అని రాస్తారని తెలుసు. నాకొక్కదానికి తీసేసే షరతు నాకు వద్దు. తీస్తే అందరికీ తీసెయ్యండి. నేను మాత్రం రాను. ఇంకో ఇల్లు వెతుక్కుంటాను.

సత్యశ్రీ


పటాన్‌చెరు
మే 9

సత్యశ్రీకి,

నీ ఉత్తరంలో ప్రతి వాక్యమూ పూర్తిగా ఉంది. మా వైపు పోలిక.

ఓనరు నేనేనని మొదటే ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు ఆ ఇంటి గడప తొక్కవు. చెప్పకపోతే ఓనరు గురించి నాలుగు నిజాలు వింటాను. తొమ్మిదేళ్ళుగా నా గురించి నా దగ్గర ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి ఎవరైనా వస్తే కదా. ఆధార్ కార్డు సంగతి వేరు. ఆ పెద్దమనిషి నా మెట్లెక్కి నా ముందు నిలబడి ఇల్లడగాలని, నేను కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించాలని ఆశపడ్డాను. దొంగ చాటుగా కాదు, దర్జాగా కక్ష తీర్చుకుందామని. అది లేకుండా పోయింది.

నా మాట నిజమైందని తెలిస్తే ఏం చెయ్యాలో తొమ్మిదేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. మీ అమ్మకి రాయాల్సిన ఉత్తరం మనసులో ఎన్నిసార్లు దిద్దుకున్నానో. నిజమైంది. తీరా చూస్తే ఆ ఉత్తరం రాయబుద్ధి కాలేదు. బూరెలు ఇక్కడ స్వీటు దుకాణంలో రాయిలా ఉంటాయి, తినలేదు.

పవన్‌కుమార్‌ని పిలిపించి షరతులన్నీ తీసేయమన్నాను. వాడు బండి మీదినుంచి దిగకుండానే అన్నాడు: "గిన్ని దినాలు ఎవ్వరు ఎందుకు రాలేదో ఇప్పుడు సమజైందా సార్? బ్యాచిలర్లు వద్దంటిరి, ఒంటరోళ్ళు వద్దంటిరి. ఈ ఫ్యాక్టరీల కాడ పని చేసేటోళ్ళంత గాళ్ళే కద." నన్ను తీసేసి ఆ టూర్ మళ్ళీ తీయమంటే ఒప్పుకోలేదు. "వద్దు సార్. జనం ఇల్లు చూస్తలేరు, మిమ్మల్నే చూస్తున్రు. మస్తు చూస్తున్రు," అన్నాడు. అంటే నాకీ వయసులో పేరొచ్చింది, మొహం లేకుండా.

షరతు అందరికీ తీసేశాను. రాను అన్నావు. మళ్ళీ ఆలోచించుకో. మీ అమ్మ రాకపోయినా పరవాలేదు అని రాద్దామనుకున్నాను. రాయడం లేదు.

మామయ్య


పటాన్‌చెరు
మే 19

సత్యశ్రీకి,

నీ జవాబు రాలేదు. ఈలోగా ఒక పని జరిగింది, వేరేవాళ్ళ ద్వారా తెలిసేకంటే నయమని నేనే రాస్తున్నాను. మేడ మీద వాటా పోయింది.

షరతు తీసేసిన వారంలోనే ఎల్సీ అని ఒకావిడ వచ్చింది. సంగారెడ్డిలో ఒక ఆసుపత్రిలో నర్సు, ఒక్కతే ఉంటుంది. చుట్టూ కలయజూడలేదు, కుళాయి తిప్పలేదు, నేరుగా సామాను ఎప్పుడు తేవాలని అడిగింది. ముందు ఇల్లు చూడమ్మా అన్నాను.

"చూసిన కద సార్, ఫోన్ల. మస్తు ఇళ్ళు చూసిన. అన్నిట్ల ఇల్లు కనవడ్తది, ఓనరు కనవడడు. దిగినంక బయటపడ్తడు. మీ ఇంట్ల ఓనరే ముందు కనవడ్డడు. గిట్లుంటడని తెలిసే వచ్చిన."

"మొహం కనపడలేదుగా," అన్నాను.

"మొఖం ఏం జేస్కుంట సార్? బాత్రూం కాడ లోపటికి రాలే, అటు మర్రి నిలవడ్డరు. నాకు గది చాలు."

నా గురించి ఇంత మంచి మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. అయినా నోరు విప్పి, మేనకోడలి కోసం ఉంచానని చెప్పాను. వస్తనన్నదా అని అడిగింది. రానన్నదని చెప్పాను. "మరింకేంది సార్?" అంది. రానని రాసింది నువ్వు, అందరికీ తీసెయ్యమన్నదీ నువ్వు. ఒంటరి ఆడమనిషిని నా మేనకోడలి కోసమని వెనక్కి పంపితే, షరతు నీకోసమే తీసినట్టవుతుంది. ఇచ్చేశాను. ఆవిడ నిన్న దిగింది. పొద్దున్నే డ్యూటీకి పోతూ, బీపీ చూపించుకున్నారా అని నన్ను గద్దించింది.

ఇక మిగిలింది కింద నేనుండే భాగం. దీనికి టూరూ గీరూ లేదు, రాసినంతే నమ్ముకోవాలి. మూడు గదుల్లో రెండింటినిండా పుస్తకాలు. ఒక గది ఖాళీ చేశాను, రెండోది చేస్తున్నాను, నడుము పట్టేసింది. గోడల నిండా బీరువాల మచ్చలున్నాయి. కిటికీ తెరిస్తే మేక. నీ కంపెనీ బస్సు మా వీధి చివర ఆగుతుంది, వెళ్ళి కనుక్కున్నాను. బడి సంగతి కూడా కనుక్కున్నాను, ఏడేళ్ళ పిల్లకి చోటుందట. హెడ్‌మాస్టారితో చిన్న గొడవైంది గాని చోటు మాత్రం ఉంది.

వంటిల్లు ఒక్కటే. అసలు చిక్కు అదే. మేడ మీదయితే మీ అమ్మా నేనూ మెట్ల మీద ఎదురుపడకుండా ఏళ్ళు గడిపేవాళ్ళం. ఇక్కడ ఆవిడ పోపు వేస్తే నాకు తుమ్ములొస్తాయి. ఆవిడ పెట్టేది నేను తినాలి, నా ఎదురుగా ఆవిడ కూర్చోవాలి. నచ్చకపోతే మధ్యలో లేపెయ్యవచ్చు గాని, ఈసారి లేచి పోవడానికి నాకు వేరే ఇల్లు లేదు. ఈ మాట ఆవిడకి ఉన్నదున్నట్టు చదివి వినిపించు.

మామయ్య


అనకాపల్లి
మే 26

మామయ్యా,

మీ ఉత్తరం అందే ముందురోజే జిన్నారంలో చూసుకున్న ఇల్లు కూడా పోయింది. సార్‌కి ఫోనివ్వమన్నారు, సార్ లేడు, విడాకులయ్యాయి అని చెప్పేశాను. పెట్టేశారు. అబద్ధం ఆడకుండా పోగొట్టుకున్న మొదటి ఇల్లు అది. ఏడుపు రాలేదు.

ఎల్సీగారికి ఇల్లిచ్చి మంచి పని చేశారు. ఇవ్వకపోతే మీ ఉత్తరం చివరిదాకా చదివేదాన్ని కాదు.

వస్తాను. ఊరికే ఉండను, అద్దె తీసుకోవాలి. నిషిత ముందు వాళ్ళ నాన్న గురించి మంచీ చెడూ ఏదీ అనకూడదు, పూర్తి వాక్యంలోనైనా సరే, సగంలోనైనా సరే. ఎవరైనా అడిగితే నేను మీ మేనకోడల్ని, అంతే. ఆయన ఎక్కడున్నాడని అడిగితే జవాబు నేను చెబుతాను, మీరు ఓడలూ రేవులూ కల్పించనక్కర్లేదు.

ఇక అమ్మ. మీరు చెప్పినట్టే మీ ఉత్తరం చదివి వినిపించాను. వంటిల్లు ఒక్కటే అన్నచోట ఆపి, మళ్ళీ చదవమంది. మీతో మాట్లాడనని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఫోను చెయ్యనంది. ఉత్తరంలో ఒక్క ముక్కయినా రాయనంది, నన్నూ తన తరపున ఏమీ రాయొద్దంది.

సాయంత్రం ల్యాబు నుంచి వచ్చేసరికి ఇత్తడి గిన్నెలన్నీ పాతచీరల్లో మూటలు కట్టేసి ఉన్నాయి. ఇదేంటమ్మా, మాట్లాడనన్నావు కదా అన్నాను.

"మాట్లాడనంటే ఇక్కణ్ణుంచి," అంది. "ఉత్తరంలో తిడితే వాడికేం తగులుతుందే? చదివి మడిచి పెట్టుకుంటాడు. ఎదురుగా కూర్చోబెట్టి తిట్టాలి."

సత్యశ్రీ